ఇస్తాంబుల్ సులేమానియే మసీదు: ఒక్క పూటలో ఏం చూడాలి, ఎలా చూడాలి?

#1 కృష్ణాతీరం
మే నెలలో ఇస్తాంబుల్‌లో ఒక్క పూట చేతికి చిక్కుతోంది. అందరూ బ్లూ మాస్క్ అనే సుల్తాన్ అహ్మద్ మసీదుకు వెళ్ళాలా, సులేమానియేకు వెళ్ళాలా? గుళ్ళూ కోటలూ చూసే అలవాటు ఉంది. గుమ్మటం కింద నిలబడితే మాత్రం తల పైకెత్తి "అబ్బో" అనుకోవడం తప్ప ఏం గమనించాలో తెలియదు. టికెట్, బట్టలు, నమాజు వేళలు, లోపల ఎక్కడ నిలబడాలి, తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. చరిత్ర పాఠం కంటే కంటితో చూడదగ్గవి చెబితే మేలు.

#2 సంచిభుజం
ఒక్క పూటే అయితే సులేమానియే. సుల్తాన్ అహ్మద్ దగ్గర వరసలో నిలబడే సమయానికి ఇక్కడ సగం చూసేయొచ్చు.

టికెట్ లేదు. వేళ ముఖ్యం. తుర్కియేలో ఏడాది పొడవునా ఒకటే గడియారం కాబట్టి ఇస్తాంబుల్‌లో జొహర్ నమాజు ఏ నెలలోనైనా మధ్యాహ్నం ఒంటిగంట అటూ ఇటూగా పడుతుంది. మేలో అసర్ సాయంత్రం ఐదు ప్రాంతం. నమాజుకు కాస్త ముందే సందర్శకులను ఆపేస్తారు, జమాత్ (అందరూ కలిసి చేసే నమాజు) అయ్యాక మళ్ళీ వదులుతారు. ఉదయం తొమ్మిదికల్లా గుమ్మం దగ్గరుంటే పన్నెండు దాకా తీరిగ్గా చూడొచ్చు. శుక్రవారం పెట్టుకోకండి, జుమా వల్ల మధ్యాహ్నం రెండున్నర దాకా పని జరగదు.

దారి: ఎం2 మెట్రోలో వెజ్నెజిలర్ స్టేషన్‌లో దిగితే పది నిమిషాల నడక, దాదాపు చదునుగానే ఉంటుంది. టీ1 ట్రామ్ అయితే బెయజిత్ స్టాపు, అక్కణ్ణించి యూనివర్సిటీ గోడ వెంబడి రావాలి. చాలామంది ఎమినోను రేవు నుంచి నిట్టనిలువు సందుల్లో ఎక్కి, గుమ్మం చేరేసరికి ఆయాసంతో కూలబడతారు. వెజ్నెజిలర్ వైపు నుంచి వచ్చి, చూసేశాక ఎమినోను వైపు దిగండి. ఆ దిగువలోనే రుస్తెం పాషా మసీదు తగులుతుంది.

బట్టలు: మగవాళ్ళకు మోకాళ్ళు కప్పేది, ఆడవాళ్ళకు తల, భుజాలు, కాళ్ళు కప్పేవి. గుమ్మం దగ్గర అరువు బట్టలు ఉంటాయి. చున్నీ వెంట ఉంటే దాని పని అదే చూసుకుంటుంది. చెప్పులకు ఒక గుడ్డసంచి పెట్టుకోండి. ఒక తలుపున వెళ్ళి ఇంకో తలుపున బయటికి రావలసి వస్తే, అరలో పెట్టిన చెప్పుల కోసం మసీదంతా చుట్టాలి.

#3 కమానుమేస్త్రి
సంచిభుజం గారు చెప్పిన తొమ్మిది గంటలకు ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని చివర్లో చెబుతాను. ముందు ఒక మాట: లోపలికి వెంటనే వెళ్ళకండి. ఈ కట్టడాన్ని అర్థం చేసుకోవడం బయటే మొదలవుతుంది.

ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ కోసం ఆస్థాన స్థపతి మిమార్ సినాన్ 1550లో మొదలుపెట్టి 1557లో ముగించిన మసీదు ఇది. గుమ్మటం అడ్డం 26.5 మీటర్లు, నేల నుంచి ఎత్తు 53 మీటర్లు. ఎత్తు అడ్డానికి సరిగ్గా రెట్టింపు. గుమ్మటం ఇటుకతో కట్టి పైన సీసం రేకులు తొడిగారు. కింద గోడలు సున్నపురాయి.

ఇటుక గుమ్మటం పైభాగంలో ఇటుకలు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ నిలబడతాయి, ఇబ్బంది లేదు. కిందికి వచ్చేకొద్దీ గుమ్మటం బయటికి విచ్చుకోవాలని చూస్తుంది. అర్ధగోళమైతే శిఖరం నుంచి సుమారు 52 డిగ్రీలు దిగాక ఈ లాగుడు మొదలవుతుంది. ఇటుక నొక్కుడును భరిస్తుంది, లాగుడును భరించదు. అందుకే పాత గుమ్మటాల్లో పగుళ్ళు పాదం నుంచి నిలువుగా పైకి పాకుతాయి. సినాన్ గుమ్మటం పాదం చుట్టూ 32 కిటికీలు పెట్టాడు. పగులు ఎలాగూ రావాలని చూసే చోట ముందే సందు ఇచ్చి, సందుకూ సందుకూ మధ్య బయట చిన్న ఒత్తుగోడలు నిలబెట్టాడు. కింద నిలబడి చూస్తే వెలుగు ఉంగరంలా కనిపించేది ఈ కిటికీల వరసే.

ఇప్పుడు ఆ బయటి తోపుడు ఎటు పోతుందో వెతకడమే మీ పని. మిహ్రాబ్ (మక్కా దిక్కు చూపే గోడ గూడు) వైపు, దానికి ఎదురుగా ప్రధాన ద్వారం వైపు ఒక్కొక్క అర గుమ్మటం భుజం ఇస్తుంది. ఆ అర గుమ్మటానికి మళ్ళీ రెండేసి చిన్న అరగుమ్మటాలు. బరువు మెట్లు దిగినట్టు దిగుతుంది. మిగతా రెండు పక్కలా అర గుమ్మటాలు లేవు. అక్కడ ఒక పెద్ద కమాను, దాని కింద కిటికీలతో నిండిన గోడ. ఆ గోడ తన బరువు తప్ప ఇంకేమీ మోయదు, అందుకే అన్ని కిటికీలు పెట్టగలిగాడు. మరి ఆ పక్కల తోపుడు? నాలుగు లావు స్తంభాలకు, వాటి వెనక ఒత్తుగోడలకు పోతుంది. తుర్కులు ఆ స్తంభాలను ఏనుగు కాళ్ళంటారు.

అసలు చమత్కారం ఆ ఒత్తుగోడల దగ్గరే ఉంది. అంత లావు గోడలు బయట పొడుచుకొస్తే కట్టడం మోటుగా కనిపిస్తుంది, లోపలికి వస్తే చోటు తింటాయి. సినాన్ సగం లోపలికి, సగం బయటికి పంచాడు. బయటి సగాల మధ్య ఖాళీల్లో రెండంతస్తుల స్తంభాల వసారా కట్టాడు. దాని కింద వరసగా వజూ కుళాయిలు, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి. పక్క ముఖం ముందు నిలబడితే మీకు వసారా కనిపిస్తుంది, ఒత్తుగోడ కనిపించదు. ఒకసారి తెలిశాక వసారా చివర్లలో గోడ మందం కొలిచి చూడండి, దొంగ దొరుకుతాడు.

గుమ్మటం నాలుగు మూలలా టోపీ పెట్టుకున్న బురుజుల్లాంటివి ఉంటాయి. అలంకారం అనుకుంటారు. అవి బరువు కోసం పెట్టినవి. పక్కకు తోసే బలానికి పైనుంచి బరువు కలిస్తే, ఆ రెండూ కలిసిన దారి నిటారుకు దగ్గరవుతుంది, స్తంభం లోపలే ఉండిపోతుంది.

#4 గళ్ళనోటు
ఇదంతా ఇదే ఊళ్ళోని పాత బైజాంటిన్ చర్చి హాగియా సోఫియాలో వెయ్యేళ్ళ ముందే ఉన్నదే కదండీ? మధ్యలో గుమ్మటం, ముందూ వెనకా రెండు అర గుమ్మటాలు, పక్కల కిటికీల గోడలు. నకలును ఇంతగా మెచ్చుకోవాలా? పైగా బ్లూ మాస్క్ కూడా సినాన్‌దే, అది అందమైనది.

#5 కమానుమేస్త్రి
ముందు చిన్న సవరణ. సుల్తాన్ అహ్మద్ మసీదు 1609 నుంచి 1616 మధ్య కట్టింది, స్థపతి సెదెఫ్‌కార్ మెహ్మెద్ ఆఘా. సినాన్ 1588లోనే చనిపోయాడు.

నకలు మాటకు: నక్షా పోలిక నిజమే, ఎవరూ కాదనరు. కానీ సినాన్‌కు ఇంకో దారి అప్పటికే తెలుసు. 1543 నుంచి 1548 మధ్య కట్టిన షెహ్‌జాదే మసీదులో నాలుగు వైపులా నాలుగు అర గుమ్మటాలు పెట్టాడు, మధ్య గుమ్మటం 19 మీటర్లు. నిర్మాణపరంగా అదే తేలిక, తోపుడు నాలుగు వైపులా సమానం. అది చేతిలో ఉండగా సుల్తాను మసీదుకు రెండు అర గుమ్మటాల కష్టమైన నక్షా ఎంచుకున్నాడంటే, హాగియా సోఫియాతో పక్కపక్కన నిలబెట్టి పోల్చుకోమని చెప్పినట్టే.

తేడా ఎక్కడుందో రెండూ చూస్తే కాళ్ళకే తెలుస్తుంది. 537 నాటి హాగియా సోఫియాలో నడిమి హాలుకూ పక్క నడవలకూ మధ్య స్తంభాల దడి, పైన గ్యాలరీలు. పక్క నడవలో నిలబడితే గుమ్మటం కనబడదు. సులేమానియేలో ఒక్కో పక్క రెండే పెద్ద రాతి స్తంభాలు, మూడు కమాన్లు, అంతే. సుమారు 59 మీటర్లకు 58 మీటర్ల హాలులో ఎక్కడ నిలబడ్డా చాలామటుకు గుమ్మటం కనిపిస్తుంది. జమాత్ ఒకటిగా నిలబడే చోటు అది, దడి అడ్డొస్తే కుదరదు. ఇక హాగియా సోఫియా తొలి గుమ్మటం 558లో కూలింది. తరవాత శతాబ్దాల పాటు బయట పోగేసిన ఒత్తుగోడలు ఇప్పటికీ కొండల్లా కనిపిస్తాయి. అక్కడ అవసరం పడి తగిలించిన వాటిని ఇక్కడ నక్షాలోనే కలిపి పెట్టాడు.

#6 గళ్ళనోటు
సెదెఫ్‌కార్ సంగతి సరే, తప్పు నాదే. పక్క నడవల విషయం గమనించదగ్గదే. కానీ బయటి నుంచి అందం మాటలో మాత్రం నా ఓటు ఆరు మినార్ల వైపే.

#7 షాలిబండ
మక్కా మసీదు చూసినోళ్ళు ఇక్కడికొచ్చినప్పుడు మొదట తికమకపడేది దిక్కు దగ్గర. మన హైదరాబాద్‌ల కిబ్లా, అంటే నమాజుకు తిరిగే మక్కా దిక్కు, పడమర. ఇస్తాంబుల్‌ల మక్కా ఆగ్నేయం దిక్కు, కొంచెం దక్షిణానికి వంగి ఉంటది. అంటే మిహ్రాబ్ గోడకు పొద్దుటి ఎండ తగుల్తది. మేస్త్రి గారు తొమ్మిది గంటల సంగతి చివర్ల చెప్తానన్నది గిదే కావచ్చు.

ఇంకో తేడా ఏందంటే, మక్కా మసీదు హాలు కమాన్ల మీద నిలబడ్డది. బయటికెల్లి చూస్తే కమాన్ల వరసే ముఖం. కుతుబ్‌షాహీల కట్టడాల్ల గచ్చుపనితోని పూలు, తీగెలు, జాలీలు ఎక్కువ. ఇక్కడ బయట గచ్చు నగిషీ దాదాపు లేదు. రాయి, సీసం, గుమ్మటాల దొంతర, ఇంతే. మినార్లు పెన్సిల్ చెక్కినట్టు సన్నగ ఉంటయి, పైన సీసం టోపీ. మనకేమో మినారు మీద చిన్న గుమ్మటం ఉంటది.

మినార్లు లెక్కపెట్టున్రి. నాలుగు. మసీదు గోడకు ఆనుకున్న రెండు పెద్దవి, 76 మీటర్లు, మూడేసి మాడాలు (మినారు చుట్టూ తిరిగే బాల్కనీలు). ముంగిలి అవతలి మూలల రెండు చిన్నవి, 56 మీటర్లు, రెండేసి మాడాలు. మొత్తం పది. సులేమాన్ పదో ఉస్మానీ (ఒట్టోమన్) సుల్తాను, ఇస్తాంబుల్ గెలిచినంక నాలుగోవాడు, అందుకే నాలుగూ పదీ అంటరు. పొట్టివి ముందల, పొడుగువి వెనక పెట్టిండు గనుక దూరంకెల్లి చూస్తే కంటిని గుమ్మటం దిక్కు ఎక్కించినట్టయితది.

ఉస్మానీలకు మనకు చుట్టరికం కూడ ఉన్నది. ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ బిడ్డ దుర్రుషెహ్‌వార్‌ను 1931ల ఆఖరి నిజాం పెద్దకొడుకు ఆజం జాకు ఇచ్చి చేసిన్రు, అదే వంశపు నీలోఫర్‌ను రెండోకొడుకు మొజ్జం జాకు. పాత బస్తీ దుర్రుషెహ్‌వార్ దవాఖానా, లక్డీకాపూల్ దిక్కు నీలోఫర్ దవాఖానా గా పేర్లే.

#8 కమానుమేస్త్రి
షాలిబండ గారు పట్టేశారు, అదే. ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా మిహ్రాబ్ గోడ రంగు అద్దాల్లోంచి ఎండ నేరుగా వస్తుంది. మధ్యాహ్నం దాటితే ఆ గోడ మామూలైపోతుంది, వెలుగు పక్కవైపు కిటికీల గోడకు మారుతుంది. చలికాలంలో సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి రంగులు తివాచీ మీద ఇంకా లోపలిదాకా పాకుతాయి. మేలో అంత లోతుకు రావు, గోడ దగ్గరే ఆగుతాయి.

#9 పింగాణిపలక
మిహ్రాబ్ గోడ దగ్గర ఏం చూడాలో నేను చెబుతాను.

అక్కడి పింగాణీ పలకలు ఇజ్నిక్ ఊరి పని. సుల్తాన్ అహ్మద్‌లో ఇరవై వేలకు పైగా పలకలున్నాయి, ఇక్కడ మిహ్రాబ్ గోడకే పరిమితం. తక్కువ అని నిరుత్సాహపడకండి. ఇజ్నిక్ పనివాళ్ళు మెరుపు పూత కింద ఎరుపు నిలబెట్టడం నేర్చుకున్న తొలి రోజుల పలకలు ఇవి. నీలం, ఆకుపచ్చ, మణినీలం తేలికగా వచ్చేస్తాయి. ఎరుపుకు ఇనుము పాలు ఎక్కువున్న ఒక రకం మన్ను వాడారు. పల్చగా పూస్తే కొలిమిలో గోధుమరంగుకు తిరిగిపోతుంది, మందంగా పూస్తేనే ఎరుపు నిలుస్తుంది. అందుకే ఆ ఎరుపు పలక మీద కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. ఎదురుగా కాకుండా పక్కనుంచి వాలుగా చూస్తే ఆ ఉబ్బు మెరుస్తుంది. వేలు పెట్టకండి. మిహ్రాబ్‌కు రెండు వైపులా పెద్ద గుండ్రటి పలకల పతకాల్లో సూరా ఫాతిహా రాసి ఉంటుంది.

రంగు అద్దాలు చర్చిల్లోలా సీసపు పట్టీల మధ్య బిగించినవి కావు. గచ్చు పలకను చిల్లులుగా తొలిచి ఆ చిల్లుల్లో అద్దం ముక్కలు కూర్చారు. ఒక్కో కిటికీకి రెండు పొరలు: బయట వానకూ గాలికీ ఆగే సాదా అద్దాల గుండ్రటి గళ్ళ చట్రం, లోపల రంగుల చట్రం. ఈ రంగు కిటికీలు చేసినవాడిని సర్హోష్ ఇబ్రహీం అంటారు. సర్హోష్ అంటే తాగుబోతు.

తలుపులూ కిటికీ రెక్కలూ తప్పక చూడండి. చిన్న చిన్న బహుభుజాల చెక్క ముక్కలు, మేకు లేదు, జిగురు లేదు, గాడిలో నాలుక దూర్చి ఒకదాన్నొకటి పట్టుకునేలా కూర్చిన పని. దాన్ని కుందేకారీ అంటారు. ఒకే వెడల్పాటి చెక్క అయితే ఎండా తేమా మారినప్పుడు వంగి చీలుతుంది. ఈ ముక్కలు ఎవరి గాడిలో వాళ్ళు కొద్దిగా కదులుతూ ఉంటాయి, తలుపు చదునుగానే ఉంటుంది. పక్క తలుపుల దగ్గర తీరిక దొరుకుతుంది, అక్కడ దగ్గరగా చూడండి.

గుమ్మటం లోపలి రంగు గీతలన్నీ 16వ శతాబ్దివే అనుకుని మురిసిపోవద్దు. 1660 అగ్నిప్రమాదం, 1766 భూకంపం, 19వ శతాబ్దంలో ఫొస్సాతి అనే స్థపతి చేతుల్లో బరోక్ తరహా మరమ్మతు, మొదటి ప్రపంచ యుద్ధంలో ముంగిట్లో ఆయుధాల నిలవ, అక్కడా మంట. ఇన్నిటి తరవాత మిగిలిన, తిరిగి గీసిన గీతలు అవి. 2007 నుంచి 2010 దాకా ఇంకో పెద్ద మరమ్మతు జరిగింది.

#10 సున్నపుతొట్టి
మరమ్మతుల మాట వచ్చింది కాబట్టి పాడయ్యే చోట్లు కూడా చూడమంటాను. కట్టడం ఎలా పనిచేస్తుందో జబ్బు చూస్తే తెలుస్తుంది.

గుమ్మటాల మీది సీసం మెత్తటి లోహం. ఎండకు సాగుతుంది, రాత్రికి పూర్తిగా వెనక్కి రాదు, ఏటవాలు మీద ఏళ్ళ తరబడి కిందికి జారుతుంది. మడతలు విచ్చుకుంటే వాన లోపలికి దిగుతుంది. నీరు ఇటుకలోని ఉప్పును కరిగించి తెచ్చి గారమీద వదిలేస్తుంది, రంగు పొరలు లేస్తాయి. ముంగిలి చుట్టూ ఉన్న చిన్న గుమ్మటాల కింద తల ఎత్తి చూస్తే తెల్లటి చారలు కనబడొచ్చు, అవి ఇవే.

రాళ్ళను కలిపిపట్టేవి ఇనుప కొక్కేలు. రాతిలో గుంట తొలిచి, కొక్కెం పెట్టి, చుట్టూ కరిగించిన సీసం పోస్తారు. సీసం ఇనుముకు గాలీ నీరూ తగలకుండా కాపాడుతుంది, భూకంపంలో కాస్త మెత్తగా ఒదుగుతుంది కూడా. ఎక్కడైనా సీసం వదులైతే ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, రాతి అంచు పగిలి ఊడుతుంది. ముంగిలి కమాన్ల కాళ్ళ మధ్య అడ్డంగా కనిపించే ఇనుప కడ్డీలు వేలాడదీయడానికి పెట్టినవి కావు, కమాను విచ్చుకోకుండా లాగి పట్టుకున్నవి. అక్కడ కమాను వెనక లావు గోడ లేదు, కడ్డీ లేకపోతే స్తంభం పక్కకు ఒరుగుతుంది.

గార విషయం మన మేస్త్రీలకు కొత్త కాదు. సున్నంలో దంచిన ఇటుక పొడి, మనం సుర్ఖీ అనేదే. అక్కడ ఖొరాసాన్ గార అంటారు. తేమలో కూడా గట్టిపడుతుంది, కానీ నెమ్మదిగా. పాత సుర్ఖీ గోడలకు సిమెంటు పూస్తే తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి లోపలి రాయి పాడవుతుంది. ఈ తప్పు గోల్కొండ నుంచి ఇస్తాంబుల్ దాకా 20వ శతాబ్దంలో అందరూ చేశారు.

ఒక చిన్న సంగతి. ఈ మసీదు జమాఖర్చుల చిట్టాలు మిగిలాయి. వాటి ప్రకారం పనిచేసినవాళ్ళలో దాదాపు సగం మంది క్రైస్తవులు.

#11 తెరచాప
ఫొటోల సంగతి. దీపాలు వేలాడే ఇనుప వలయాలే పెద్ద తలనొప్పి. తలకు కాస్త పైన ఉంటాయి, గుమ్మటం నుంచి పదుల కొద్దీ తీగలు. నూనె దీపాలప్పుడు చేతికందేంత కిందుగా ఉండాలి, రోజూ నూనె పోసి ఒత్తి వెలిగించాలి కాబట్టి. ఇప్పుడు కరెంటు బల్బులు. నిలబడి అడ్డంగా తీస్తే తీగల అడవి వస్తుంది. రెండు దారులు: ఒకటి, వలయం కిందికి వెళ్ళి కూర్చుని నిటారుగా పైకి తీయండి, అప్పుడు తీగలన్నీ గుమ్మటం నడిబొడ్డుకు చేరే కిరణాల్లా కనిపిస్తాయి. రెండు, వెనక గోడకు ఆనుకుని ఫోన్‌ను నిలువుగా పట్టి పనోరమా కింది నుంచి పైకి తిప్పండి.

వెలుగు కొలత కిటికీ మీద పెట్టండి, నేల మీద కాదు. నేల మీద పెడితే రంగు అద్దాలన్నీ తెల్లగా కాలిపోతాయి. ఫ్లాష్, ట్రైపాడ్ వద్దు. చిన్న బైనాక్యులర్ ఉంటే గుమ్మటం నడిమి అక్షరాలు చదవొచ్చు. అది ఖురాన్ 35వ సూరా 41వ వాక్యం: ఆకాశాన్నీ భూమినీ చెదిరిపోకుండా అల్లా నిలిపి ఉంచాడు అని. గుమ్మటం మీద ఏం రాయాలో ఎంచుకున్నవాడికి చతురత ఉంది.

బయటి ఫొటోకు మసీదు దగ్గర నిలబడితే లాభం లేదు. హాలిచ్ (గోల్డెన్ హార్న్ అనే సముద్రపు పాయ) మీది మెట్రో వంతెన స్టేషన్ నుంచో, గలతా వంతెన అవతలి ఒడ్డు నుంచో తీయాలి. కొండ మీద గుమ్మటాల మెట్లు మొత్తం అక్కడి నుంచే కనిపిస్తాయి.

#12 గళ్ళనోటు
గైడ్లు చెప్పే కథలు కూడా ఒకసారి తేల్చేయండి. దీపాల మసి గాలి దారుల్లో ఒక గదికి చేరితే దానితో సిరా చేశారంటారు. ఉష్ట్రపక్షి గుడ్లు సాలీళ్ళను తరుముతాయంటారు. ఇరాన్ షా పంపిన రత్నాలను దంచి మినారు గారలో కలిపారంటారు.

#13 పింగాణిపలక
ప్రధాన ద్వారం పైన మసి గది ఉంది, తలుపు పైన గాలి సాగే సందులూ ఉన్నాయి. వేడిగాలి పైకి లేచి అటు లాగుతుంది, గోడల రంగులు మసిబారకుండా ఉండడానికి అది నిజంగా పనికొచ్చే ఏర్పాటు. దీపపు మసితో సిరా చేయడం ఆ కాలంలో మామూలు పద్ధతే, మన కాటుక సిరా లాంటిదే. గుడ్లు వలయాలకు వేలాడడం కనిపిస్తుంది, సాలీళ్ళ సంగతి నమ్మకం. రత్నాల మినారు మాత్రం ఊసుపోక కథ, గైడు ఉత్సాహంగా చెబితే నవ్వుతూ వినండి.

గుమ్మటంలో నోరు లోపలికి తిరిగిన మట్టి కూజాలు మాత్రం కథ కాదు, గోడలో పొదిగినవి ఉన్నాయి. మోగుడును అదుపులో పెట్టడానికి. నమాజు వేళ దాటాక లోపలికి వెళ్తే ఇమామ్ గొంతు వినే అవకాశం పోతుంది. బయట ముంగిట్లో కూర్చుని అజాన్ అయినా వినండి.

#14 కమానుమేస్త్రి
ముంగిలి దాటి పోకుండా ఇంకో పది నిమిషాలు. మిహ్రాబ్ గోడ వెనక తోటలో సులేమాన్ సమాధి, అష్టభుజి, చుట్టూ వసారా. పక్కనే ఆయన భార్య హుర్రెం సమాధి, చిన్నది. సినాన్ సమాధి ఈ ఆవరణలో లేదు, ప్రహరీ బయట ఉత్తరపు మూలలో రోడ్ల కూడలి మధ్య ముక్కోణపు చిన్న స్థలంలో ఉంది. చాలామంది పక్కనుంచే నడిచిపోతారు.

మసీదు చుట్టూ మదరసాలు, దవాఖానా, అన్నసత్రం, హమామ్ అన్నీ ఒకే నక్షాలో కట్టినవి. ఉత్తరం వైపు కొండ జారుడుగా ఉంటుంది. అక్కడి మదరసాల గదులు మెట్లు మెట్లుగా దిగుతాయి, ఒక్కో గదికి ఒక్కో గుమ్మటం. ముంగిలి అంచు పిట్టగోడ మీంచి వంగి చూస్తే ఆ గుమ్మటాల వరస, దాని కింద హాలిచ్ నీళ్ళు. లోపలి హాలులో పక్క నడవల మీద కూడా ఒక్కో వైపు ఐదు గుమ్మటాలు, అన్నీ ఒకే కొలతలో ఉండవు, పెద్దదీ చిన్నదీ మార్చి మార్చి. ఒకే కొలతైతే కన్ను వరస లెక్కపెట్టి విసుగుపడుతుంది.

ఒక రోజు అదనంగా దొరికితే ఎదిర్నే వెళ్ళండి, బస్సులో రెండున్నర మూడు గంటలు. సెలిమియే మసీదులో 31 మీటర్ల పైచిలుకు గుమ్మటాన్ని ఎనిమిది స్తంభాల మీద పెట్టాడు సినాన్. అక్కడ అర గుమ్మటాల మెట్లు లేవు, ఒక్క గుమ్మటమే. షెహ్‌జాదే తన శిష్యరికం, సులేమానియే పనితనం, సెలిమియే ఉస్తాదుతనం అని సినాన్ అన్నట్టు చెబుతారు.

#15 కృష్ణాతీరం
ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు మిగిలాయి. మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దావిడ కూడా వస్తున్నారు, కింద కూర్చోలేరు. ఇంకా, అక్కడ శాకాహారం దొరుకుతుందా?

#16 షాలిబండ
పెద్దమనిషి ఉంటే మెట్రో నడక కూడ వద్దు, బెయజిత్ కాడ టాక్సీ ఎక్కి మసీదు గేటుదాకా పోన్రి. నమాజు చేస్కునే ముసలోళ్ళ కోసం మసీదుల వెనక దిక్కు చిన్న కుర్చీలు పెడుతరు. ఖాళీ ఉంటే అడిగి కూసోవచ్చు, జమాత్ వేళైతే లేచి ఇచ్చెయ్యాలె. బూట్లు విప్పి తొడిగేటప్పుడు వంగుడు కష్టం, లేసులు లేని చెప్పులేసుకురమ్మనున్రి. లోపల ఎవలన్న నమాజుల ఉంటే వాళ్ళ ముందలికెల్లి దాటొద్దు, వెనకకెల్లి తిరిగి పోవాలె. రుస్తెం పాషా దిక్కు దిగుడు మాత్రం ఆమెతోని పెట్టుకోకున్రి, అక్కడ మసీదు దుకాండ్ల మీద ఉంటది, ఇరుకు మెట్లెక్కాలె.

#17 సంచిభుజం
మసీదు ఎదురుగా పాత మదరసాల గదుల్లో వరసగా తెల్ల చిక్కుడుగింజల కూర హోటళ్ళు. ఒకప్పుడు నల్లమందు తాగేవాళ్ళు చేరే బజారు కాబట్టి తిర్యాకీ చార్షీ అనే పేరు మిగిలింది. కూర పేరు కురు ఫసూల్యే. టమాటా ముద్ద, వెన్న వేసి మెత్తగా ఉడికిస్తారు, పక్కన అన్నం, పచ్చడి కింద ఊరబెట్టిన కూరగాయలు, ఎండుమిరపకాయ కూడా పెడతారు. మన నోటికి తేలికగా ఎక్కుతుంది. కానీ కొన్ని చోట్ల మాంసం ముక్కలో, మాంసం నీళ్ళో కలుపుతారు, చూస్తే తెలియదు. కుండ చూపించి "ఎత్‌సిజ్ మీ?" అని అడగండి, మాంసం లేనిదేనా అని. "ఎత్లీ" అన్నారంటే మాంసం ఉన్నట్టు. అన్నం గురించి కూడా విడిగా అడగండి, కోడి నీళ్ళతో వండే అలవాటు ఉంది.